ఖర్జూరం మట్ట, వరిగడ్డి, లక్షన్నర రూపాయలు

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లు చాలామంది "అన్నా, ఆ మూడు కుప్పల సంగతి రాసి పెట్టు, ఇంటికి పంపుతం" అని అడిగారు. కొందరి సైట్లలో డ్యూటీ మీద చెవుల్లో ఏమీ పెట్టుకోనివ్వరు కాబట్టి అసలు వినలేదు కూడా. వాళ్లందరి కోసం చెప్పినదాన్ని ఒక వరసలో పెట్టి రాస్తున్నాను. మధ్యలో మేం మాట్లాడుకున్నది కొంత, మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను.

ఈసారి సంగతి లిగ్నిన్. చెట్టులో, గడ్డిలో గట్టిగా ఉండే పదార్థం. దాన్ని ఎంజైములు ఎట్లా విరగ్గొడతాయన్నది అసలు ప్రశ్న. "ఇకామా, టికెట్, జీతం గురించి చెప్పక ఇదేంది" అనుకోకండి. దీని మీద ఒక తమ్ముడి మూడేళ్ల సేవింగ్ ఆధారపడి ఉండింది.

బతాలో మొదలైంది

రియాద్‌లో ఉన్నవాళ్లకు బతా గురించి చెప్పేదేం లేదు. లేనివాళ్లకు ఒక్క మాట: శుక్రవారం సాయంత్రం మన దేశం సగం అక్కడే ఉన్నట్టుంటుంది. డబ్బు పంపే కౌంటర్ల ముందు లైన్లు, కార్గో దుకాణాల ముందు అట్టపెట్టెలు, చాయ్ కప్పులు, అన్ని భాషల అరుపులు. అరబ్బీలో బతా అంటే ఇసుక, గులకరాళ్లు ఉన్న వాగు నేల. ఒకప్పుడు అక్కడ నిజంగానే వాగు ఉండేది. ఇప్పుడు దాని మీద రోడ్డు, మనం.

పోయిన ఏప్రిల్‌లో ఒక శుక్రవారం, ఒక కౌంటర్ బయట జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు గుర్తుపట్టి ఆపాడు. మన ఎపిసోడ్లు వింటాడట. పేరు పెట్టొద్దన్నాడు. ఆ మాటలు తర్వాత అతని ఒప్పుకోలుతోనే మళ్లీ రికార్డు చేసుకున్నాం:

తమ్ముడు: అన్నా, మా నాయిన ఏటా గడ్డి కాలవెడ్తుండు. ఊళ్లె అందరిదీ గంతే. మిషన్ కోసినంక గడ్డి పొలంలనే పడి ఉంటది. ఎత్తుదామంటే మనుషులు లేరు.

నేను: మనుషులు ఎటు పోయిన్రు?

తమ్ముడు: (నవ్వుతూ) ఇగో, ఈడ లైన్ల నిలవడ్డం గదా.

నేను: సరే, ఆ పౌడర్ సంగతేంది?

తమ్ముడు: ఎంజైమ్ పౌడర్ అట. నీళ్లల్ల కలిపి కొడ్తే ఏడు రోజులల్ల గడ్డి మట్టి అయితదట. మండలానికి ఒక డీలర్‌ను పెడ్తున్నరట. లక్షన్నర కట్టాలె. మా చిన్నోడు ఇంటర్ అయి ఖాళీగ ఉన్నడు, వానికొక దారి అయితదని.

నేను: పంపినవా?

తమ్ముడు: ఇయ్యాల పంపుదామనే వచ్చిన. లైన్ పెద్దగుంది. నువ్వు కనవడ్డవ్, ఒక మాట అడుగుదామని ఆగిన. ఎంజైమ్ అంటే నిజంగ అట్ల పని చేస్తదా?

నిజం చెప్పాలంటే ఆ రోజు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ నాకు ఒక పాత దెబ్బ గుర్తుంది. అందుకే "ఈ వారం పంపకు, ఒక వారం ఆగు" అన్నాను.

నా పాత దెబ్బ

నేను వచ్చిన కొత్తలో రెండేళ్లు ఖర్జ్ దగ్గర ఒక మజ్రాలో పనిచేశాను. ఖర్జూరం చెట్టు ఏటా పది నుంచి ఇరవై దాకా మట్టలు ఎండేస్తుంది. వాటిని కోసి, లాగి, ఒక మూలన పడేయడం మా పని. సౌదీ మొత్తంలో 3 కోట్లకు పైగా ఖర్జూరం చెట్లున్నాయి. అల్ అహ్సా ఒయాసిస్ ఒక్కదాంట్లోనే 25 లక్షలు. 2018లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఇన్ని చెట్ల మట్టలు ఏటా ఎంత కుప్ప అవుతాయో మీరే లెక్కేసుకోండి.

మా కుప్ప ఇంటి ఎత్తు పెరిగింది. ముదీర్ ఎవరి దగ్గరో విని ఒక డబ్బా పౌడర్ తెచ్చాడు. "ఎంజైమ్, నెలలో ఎరువు అవుతుంది" అన్నాడు. నేను బకెట్లో కలిపి కుప్ప మీద పోశాను. నెల పోయింది, ఆరు నెలలు పోయాయి. మట్ట మట్టలాగే ఉంది, ముల్లు ముల్లులాగే గుచ్చుకుంటోంది. పని సరిగ్గా చేయలేదని మాట పడ్డది మాత్రం నేను. అప్పుడు నాకు సమాధానం చెప్పుకోవడం చేతకాలేదు. ఇప్పుడు చెబుతాను.

బతా నుంచి నడిచిపోయేంత దూరంలో మస్మక్ కోట ఉంది కదా, సెలవు రోజున ఫొటోలు దిగుతాం. దాని పెద్ద తలుపు ఖర్జూరం దుంగలతో చేసింది. 1902లో అబ్దుల్ అజీజ్ మనుషులు ఆ కోట పట్టుకున్నప్పుడు విసిరిన ఈటె ములికి అందులో దిగిపోయిందని చూపిస్తారు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆ తలుపు కుళ్లలేదు. కారణాలు రెండు: కర్రలో లిగ్నిన్, గాలిలో తేమ లేకపోవడం. మా కుప్పకు ఉన్నవీ ఆ రెండే. పైన పౌడర్ పోసినంత మాత్రాన ఆ రెండూ మారవు.

రాడ్లు, బైండింగ్ వైర్, కాంక్రీట్

మనలో సగం మంది కట్టడాల మీద పనిచేసేవాళ్లమే కాబట్టి ఇది తొందరగా అర్థమవుతుంది. స్లాబు వేసేటప్పుడు ముందు రాడ్లు పరుస్తాం, బైండింగ్ వైర్‌తో కడతాం, తర్వాత కాంక్రీట్ పోస్తాం. మొక్క గోడ కూడా ఇంతే.

రాడ్లు అంటే సెల్యులోజ్. చక్కెర అణువులు ఒకదాని వెనక ఒకటి పేర్చిన పొడుగు గొలుసు. బైండింగ్ వైర్ అంటే హెమిసెల్యులోజ్. అదీ చక్కెరలదే, కానీ పొట్టిగా, కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. ఈ రెండింటి సందుల్లో నిండి గట్టిపడే కాంక్రీటే లిగ్నిన్. వరిగడ్డిలో లిగ్నిన్ వందకు సుమారు 10 నుంచి 15 పాళ్లు. కొబ్బరి పీచులో 40 పాళ్ల దాకా ఉంటుంది. అందుకే కొబ్బరి తాడు నీళ్లలో నానినా అంత తొందరగా పోదు.

లిగ్నిన్ లేకపోతే చెట్టు నిలబడదు. వేరు నుంచి ఆకు దాకా నీళ్లు ఎక్కే గొట్టాలు నలిగిపోతాయి. ఆవు, మేక, పురుగు, సూక్ష్మజీవి అన్నీ లోపలి చక్కెర కోసమే చూస్తుంటాయి. వాటికి అడ్డం నిలిచేది ఈ గోడే.

ఇక ఎంజైమ్ అంటే ఏంటి? అది మందు కాదు, యాసిడ్ కాదు. బతికున్న జీవి తయారుచేసే ప్రొటీన్ పనిముట్టు. ఒక్కో పనికి ఒక్కో స్పానర్ ఉన్నట్టు, ఒక్కో బంధానికి ఒక్కో ఎంజైమ్. మనం ఖుబ్జ్ ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపిస్తుంది చూడండి, అది ఉమ్మిలోని ఎంజైమ్ పిండిని చక్కెరగా విరగ్గొట్టడమే. ప్రొటీన్ కాబట్టి వేడికి పాడవుతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కాదు కదా, ఇదీ అంతే. ఎండాకాలం రేకుల షెడ్డులో నెలల తరబడి పడున్న మా మజ్రా డబ్బాలో ఎంత బలం మిగిలి ఉంటుందో ఊహించుకోండి.

సెల్యులోజ్ గొలుసులో కడియాలన్నీ ఒకే తీరు. ఒకే కొలత బోల్టులు వరసగా ఉన్నట్టు. సరైన స్పానర్ ఉంటే ఒక్కొక్కటే విప్పుకుంటూ పోవచ్చు. లిగ్నిన్ అట్లా కాదు. దాని ముక్కలు ఒకదానితో ఒకటి ఏ తీరున పడితే ఆ తీరున, అన్ని దిక్కులా అతుక్కుని ఉంటాయి. బోల్టే లేని చోట స్పానర్ ఏం చేస్తుంది? కాంక్రీట్‌ను విప్పలేం, పగలగొట్టాలి.

పగలగొట్టేది ఎవరు?

వాన తర్వాత పాత మొద్దు మీద తెల్లగా, మెత్తగా, దూదిలాగా పట్టిన బూజు చూసే ఉంటారు. చేత్తో నొక్కితే కర్ర స్పాంజిలాగా నలుగుతుంది. ఆ తెల్ల కుళ్లు బూజు జాతులే లిగ్నిన్‌ను పూర్తిగా విరగ్గొట్టడంలో మొనగాళ్లు. మనం తినే ముత్యపుచిప్ప పుట్టగొడుగు కూడా ఈ కుటుంబంలోదే.

ఇవి వాడే ఎంజైములు ముఖ్యంగా మూడు రకాలు: లాకేజ్, మాంగనీస్ పెరాక్సిడేజ్, లిగ్నిన్ పెరాక్సిడేజ్. లాకేజ్‌ను 1883లో జపాన్‌లో యోషిదా అనే శాస్త్రవేత్త లక్క పూత చెట్టు పాలలో మొదట గుర్తించాడు. లిగ్నిన్ పెరాక్సిడేజ్ దొరకడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1983లో అమెరికాలో రెండు బృందాలు దాదాపు ఒకేసారి దాన్ని బయటపెట్టాయి. ఒకటి విస్కాన్సిన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో టియెన్, కిర్క్ చేసిన పని. ఇంకోటి ఆరిగన్‌లో మైకేల్ గోల్డ్ బృందం చేసింది.

పని జరిగే తీరు చూడండి. ఎంజైమ్ పెద్ద అణువు. కర్ర గోడ సందులు దానికి చాలా సన్నం, లోపలికి పట్టదు. అందుకని మాంగనీస్ పెరాక్సిడేజ్ ఒక ఉపాయం చేస్తుంది. తను బయటే ఉండి మాంగనీస్ అనే చిన్న లోహ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్ గుంజుకుంటుంది. ఎలక్ట్రాన్ పోయిన మాంగనీస్ ఊరుకోదు. సందుల్లో దూరి, దొరికిన లిగ్నిన్ ముక్క నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. అప్పుడు ఆ ముక్క నిలకడ తప్పి తనంతట తనే విరుగుతుంది. మ్యాన్‌హోల్‌లో లావుపాటి ఫోర్‌మ్యాన్ పట్టడు కాబట్టి సన్నటి హెల్పర్‌ను దింపినట్టు.

దీనికి రెండు కావాలి, ఒకటి తేమ, రెండోది గాలి. లాకేజ్ పనిచేయాలంటే నేరుగా ఆక్సిజన్ కావాలి. మిగతా రెండింటికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి, దాన్ని బూజు తయారుచేసేది గాలిలోని ఆక్సిజన్‌తోనే. ఆవు పొట్టలో ఆక్సిజన్ ఉండదు. అందుకే గడ్డి ఎంత నెమరువేసినా లిగ్నిన్ చాలావరకు పేడలో బయటికి వస్తుంది.

ఇంకో సంగతి. బూజు లిగ్నిన్ తిని బతకదు. దాన్ని పగలగొట్టడానికి తిరిగి దానికే ఖర్చు. లోపలున్న చక్కెర కోసమే అంత కష్టపడుతుంది. ఖర్చుతో కూడిన పని కాబట్టి తాపీగా చేస్తుంది.

మన భాషలోనే ఉంది

పుట్టగొడుగు అనే మాట గమనించారా? పుట్ట మీద లేచే గొడుగు. మన దగ్గర పుట్టలు కట్టే చెదల్లో చాలా రకాలు కర్ర, ఆకు తెచ్చి, నమిలి, లోపల గూళ్లలాగా పేర్చి, వాటి మీద ఒక జాతి బూజును పెంచుతాయి. ఆ బూజు గట్టి పదార్థాన్ని మెత్తబరుస్తుంది, చెదలు తింటాయి. వానలు పడ్డాక ఆ బూజే గొడుగు విప్పి పుట్ట పైకి వస్తుంది. పొద్దున్నే లేచి వాటిని ఏరుకొచ్చి అమ్మ కూర వండేది. అంటే మనం కూడా ఆ సేద్యంలో పాలు పంచుకున్నట్టే. ఆ పుట్టలో కూడా చీకటి, తేమ, గాలి ఆడే దారులు అన్నీ సరిచూసుకుంటాయి చెదలు. ఇన్ని చూసుకుంటే తప్ప వాటికీ పని జరగదు.

మరి పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు?

"ఎంజైమ్ ఏడు రోజుల్లో లిగ్నిన్‌ను మట్టి చేసేస్తే ఫ్యాక్టరీలు ఎందుకు వాడట్లేదు?" అని నన్ను నేను అడుగుకున్నాను. వెతికితే చాలా తెలిసింది.

రాజమండ్రి, భద్రాచలం, కాగజ్‌నగర్ కాగితం మిల్లుల పేర్లు మనకు తెలుసు. కర్ర నుంచి తెల్ల కాగితం చేయాలంటే లిగ్నిన్ తీసేయాలి. మిల్లులు దాన్ని రసాయనాల్లో ఎక్కువ వేడి, ఒత్తిడి మీద ఉడకబెట్టి తీస్తాయి. బయటికి వచ్చే నల్లటి ద్రవాన్ని బాయిలర్లో కాల్చి ఆవిరి, కరెంటు చేసుకుంటాయి. న్యూస్‌పేపర్ ఎండలో పసుపు పడడానికి కారణం కూడా అందులో మిగిలిన లిగ్నినే.

హర్యానాలో పానిపట్ దగ్గర ఇండియన్ ఆయిల్ కంపెనీ వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు పెట్టింది. 2022 ఆగస్టు 10న మొదలైంది. ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల గడ్డి, 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అని దాని లెక్క. అక్కడ ఎంజైములు వాడతారు. కానీ అవి సెల్యులోజ్‌ను చక్కెర చేసే ఎంజైములు. అంతకుముందు గోడను వదులు చేసే పని వేడి, ఆవిరి, యాసిడ్ చూసుకుంటాయి. లిగ్నిన్ చివరికి మిగిలిపోతుంది, దాన్ని బాయిలర్లో కాలుస్తారు.

లాకేజ్ మాత్రం ఒక చోట బాగా అమ్ముడుపోయింది. బతాలో వేలాడే వెలిసినట్టుండే జీన్స్ ప్యాంట్లు చూడండి. 1990ల చివరి నుంచి కొన్ని ఫ్యాక్టరీలు నీలం రంగు వెలిపించడానికి లాకేజ్ వాడుతున్నాయి. అది బట్ట మీది రంగు. పైన కనిపిస్తూ, చేతికి అందుతూ ఉంటుంది. గోడ లోపలి లిగ్నిన్ అట్లా అందదు.

బూజును సరిగ్గా వాడిన చోటు

అలాగని ఇదంతా ఉత్తదే అనుకోవద్దు. మన కొబ్బరి వాళ్లకు తెలిసిన ఉదాహరణ ఒకటుంది. పీచు తీశాక మిగిలే కొబ్బరి పొట్టు గుట్టలు ఏళ్ల తరబడి కుళ్లవు. కాయర్ బోర్డు పరిశోధన సంస్థ దీనికోసం ముత్యపుచిప్ప జాతి పుట్టగొడుగు విత్తనంతో పిత్‌ప్లస్ అనేది తయారుచేసింది. టన్ను పొట్టును నీడలో పొరలు పొరలుగా పరుస్తారు. పొరల మధ్య పిత్‌ప్లస్, మొత్తానికి 5 కిలోల యూరియా చల్లుతారు. తేమ ఆరిపోకుండా చూస్తారు. సుమారు 30 రోజులకు పొట్టు నల్లబడి ఎరువుగా మారుతుంది. పొట్టులో నత్రజని ఒక పాలు ఉంటే కార్బన్ 112 పాళ్లు ఉంటుంది. అది చివరికి 24 పాళ్లకు వస్తుందని బోర్డు లెక్క.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు ఎంజైమ్ పోయలేదు, బూజును పెట్టారు. బూజు బతికి, పెరిగి, లోపలికి వేళ్లు దించి, రోజూ కొత్త ఎంజైమ్ విడుస్తుంది. పోసిన ఎంజైమ్ ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. పెట్టిన బూజుకు తిండి, నీళ్లు, గాలి ఇస్తే పని సాగుతూనే ఉంటుంది.

ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ వరి కొయ్యకాళ్ల కోసం తెచ్చిన పూసా డీకంపోజర్ కూడా ఈ దారే. నాలుగు క్యాప్సూళ్లు, బెల్లం, శనగపిండితో 25 లీటర్ల ద్రావణం పెంచుకుంటే ఒక హెక్టారుకు సరిపోతుందంటారు. ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ సీసా ధర 20 రూపాయలు ఉండేది. ప్రభుత్వ సంస్థలే ఇంత తక్కువలో ఇచ్చినప్పుడు లక్షన్నర దేనికో అడగాలి. పైగా పూసా వాళ్లే 20 నుంచి 25 రోజులు చెబుతున్నారు. ఏడు రోజులని చెప్పట్లేదు.

పొలంలో అసలు తిప్పలు

మన వైపు వానాకాలం పంట కోతకు, యాసంగి నాట్లకు మధ్య టైం తక్కువ. అందుకే అగ్గిపుల్ల గీస్తారు. నాయినను తిట్టి లాభం లేదు. ఆయన ముందు ఉన్న దారుల్లో అదే చవక. కానీ కాలిస్తే గడ్డిలోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. టన్ను గడ్డిలో సుమారు ఐదారు కిలోల నత్రజని, ఇరవై కిలోలకు అటూ ఇటూగా పొటాష్ ఉంటుంది. పొటాష్ బూడిదలో మిగిలినా గాలికి, నీళ్లకు పోయేది పోతుంది.

పచ్చి గడ్డిని అట్లాగే నీళ్లు పెట్టి దమ్ము చేస్తే ఇంకో సమస్య. నీళ్ల అడుగున గాలి ఉండదు కాబట్టి బూజు పనిచేయదు. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు పుల్లబెడతాయి. బుడగలు వస్తాయి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, నాటిన వేళ్లు నల్లబడతాయి. పైగా సూక్ష్మజీవులు గడ్డిని తినడానికి నేలలోని నత్రజనిని వాడేసుకుంటాయి. పైరు పసుపు పడుతుంది. రైతులు "గడ్డి వేడి చేసింది" అనుకునేది చాలాసార్లు ఇదే.

కొయ్యకాళ్ల వరకు వ్యవసాయ అధికారులు చెప్పే పద్ధతి చేయదగ్గదే: ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసి తడి మీద కలియదున్నడం. యాసంగి కోత తర్వాత అయితే టైం ఉంటుంది. తొలకరికి నేల తడిశాక దున్ని, రెండు మూడు వారాలు ఆగి, అప్పుడు దమ్ము చేయొచ్చు. మిషన్ వదిలిన విడి గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించి పశువులకు అమ్మొచ్చు, లేదా గట్టు మీద కుప్ప వేసి ఎరువు చేయొచ్చు.

మూడు కుప్పల పరీక్ష

ఇప్పుడు మీరంతా అడిగింది. తమ్ముడికి నేను చెప్పింది ఇదే: "లక్షన్నర పంపే ముందు ఒక్క ప్యాకెట్ కొనమను. మూడు కుప్పలు వెయ్యమను."

చెట్టు నీడలో, నీళ్లు నిలవని చోట, ఒక్కోటి వంద కిలోల గడ్డితో మూడు కుప్పలు. గడ్డిని జానెడు ముక్కలుగా నరికితే మేలు. మూడింటికీ అరకిలో చొప్పున యూరియా. మూడింటికీ ఒకటే తేమ: పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. మూడింటికీ వారానికోసారి తిరగేయడం. తిరగేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఆ బూజు దుమ్ము ఊపిరికి మంచిది కాదు. తేడా ఒక్కటే ఉండాలి:

మొదటి కుప్పకు ఏమీ కలపొద్దు. రెండో దానికి రెండు బకెట్ల పేడనీళ్లు. మూడో దానికి వాళ్ల పౌడర్, వాళ్లు చెప్పిన కొలతలోనే.

వారానికోసారి ఒకే చోట నిలబడి ఫొటో తీసి పంపాలి. గడ్డిపోచ తీసి చేత్తో తెంపాలి. టప్పున తెగుతుందా, సాగుతుందా, నలుగుతుందా రాసుకోవాలి. ఏమీ కలపని కుప్ప ఎందుకంటే, గడ్డి తడిపి వదిలేసినా ఎంతో కొంత కుళ్లుతుంది. ఆ కుళ్లును పౌడర్ ఖాతాలో రాయకుండా కాపాడేది ఆ మొదటి కుప్పే.

చిన్నోడు చేశాడు. ఏడో రోజుకు పౌడర్ కుప్ప వేడెక్కింది. మిగతా రెండూ వేడెక్కాయి. మట్టి ఏదీ కాలేదు. పదిహేను రోజులకు పౌడర్ కుప్ప కాస్త ముందుంది, నిజం చెప్పాలి. నలభై ఐదు రోజులకు పేడ కుప్ప, పౌడర్ కుప్ప ఫొటోల్లో నేనైతే తేడా పట్టలేకపోయాను. ఏమీ కలపనిది మాత్రం వెనకబడింది. ఒక్క ఊరి ఒక్క పరీక్ష ఇది, శాస్త్రం అంతా ఇదే అనను. ఆ పౌడర్ మోసమని కూడా అనను. కానీ పేడ చేసే పనికి లక్షన్నర అక్కర్లేదని ఆ ఇంటికి అర్థమైంది.

చివర్లో మా ఇద్దరి మాటలు:

తమ్ముడు: పైసలైతే ఆగినయ్ అన్నా. కానీ చిన్నోడు ఇంక ఖాళీగనే ఉన్నడు గదా.

నేను: ఆ కుప్పలు తిరగేసింది ఎవరు?

తమ్ముడు: వాడే. రోజూ ఫోన్ చేసి చెప్తుండె. ఇప్పుడు పుట్టగొడుగులు పెంచుతా అంటుండు.

నేను: మంచిదే. కానీ ముందు పది సంచులతోనే. కొనేటోళ్లు ఉన్నరా చూసుకున్నంకనే పదకొండోది.

ముత్యపుచిప్ప పుట్టగొడుగు కిలో ఎండు గడ్డికి అరకిలో నుంచి కిలో దాకా రావచ్చు. పండించడం కన్నా అమ్మడం కష్టం, ఒకటి రెండు రోజుల్లో వాడిపోతుంది. దాని గురించి వేరే ఎపిసోడ్ చేద్దాం.

ఇంటి నుంచి ఇట్లాంటి ఫోన్ వస్తే అడగాల్సినవి

ప్యాకెట్‌లో ఉన్నది బతికున్న బూజా, ఉత్త ఎంజైమా? బూజు అయితే ఎప్పటి తయారీ, ఎంత చల్లగా ఉంచాలి? ఎన్ని రోజులు, ఎంత తేమ, నీడలోనా ఎండలోనా? నీళ్లు నిలిచిన పొలంలో కూడా పనిచేస్తుందంటే ఎట్లానో చెప్పమనండి. చివరగా, పక్కన ఏమీ కలపని కుప్ప పెట్టి చూపిస్తారా? ఈ చివరి ప్రశ్నకు కోపం తెచ్చుకునేవాడికి రూపాయి కూడా పంపకండి.

నా మజ్రా కుప్ప సంగతి చెప్పి ముగిస్తాను. నేను వదిలి వచ్చే ముందు, అక్కడి పెద్దాయన ఒకాయన మట్టలను మిషన్‌లో నలగ్గొట్టించి, ఒంటె పేడ కలిపి, తడిపి, పాత తార్పాలిన్ కప్పించాడు. గాలి ఆడేందుకు అంచులు వదిలించాడు. నాలుగు నెలలకు చేయి పెడితే నల్లటి మట్టి వచ్చింది, వాన పడ్డ మన పొలం వాసన. దాని కోసం ఏ డబ్బా కొనలేదు. నలగ్గొట్టడం, తడి, గాలి, ఓపిక, అంతే.

మీ ఊళ్లో గడ్డిని ఏం చేస్తున్నారో వాయిస్ పంపండి. వచ్చే శుక్రవారం కలుద్దాం. లైన్లో నిలబడ్డప్పుడు తొందరపడకండి, ఒక వారం ఆగితే పోయేదేమీ లేదు.